గుంటకన్నులకు సూదిమందు

ముఖమున వార్ధక్యము ముందుగా కానవచ్చు చోట్లలో కన్నులచుట్టు ఒకటి. కనుబొమ యెముకకును కనుగ్రుడ్డునకును నడుమ క్రొవ్వు మెత్తవలె నమరియున్నది. వయసు మీరినకొలది నది తరుగుటచే పైరెప్ప లోనికి క్రుంగి, బొమక్రింద గుంట యేర్పడును. ఈ గుంటను సూదిమందుతో పూరించు చికిత్స నేడు పట్టణములలో ప్రచారమునకు వచ్చినది. దానిని గూర్చి నేనెరిగినంతవరకు విన్నవించెదను.

సుశ్రుతుడు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను చెప్పి, వానిలో 21 రెప్పలకు సంబంధించినవని యెన్నెను. రెప్ప స్వల్పమైన యవయవము కాదని మన పూర్వు లెరిగినదే.

పూరించు పదార్థము పేరు హైలురోనిక్ ఆమ్లము. 1934లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు దీనిని ఆవుకంటిలోని స్వచ్ఛమైన జిగురుపదార్థమునుండి వేరుపరచిరి. గ్రీకుభాషలో 'హైలోస్' అనగా గాజు. పేరున కదియే మూలము. ఇది మన చర్మమునందును కీళ్లయందును సహజముగనే కలదు. నీటిని పట్టియుంచుట దీని గుణము. వైద్యుడు దీనిని చిక్కని జిగురుగా సిద్ధపరచినదానిని బొమయెముక అంచుక్రింద కొద్దికొద్దిగా నెక్కించును. ఫలితము శాశ్వతము కాదు. కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో నిలుచును. ఎక్కువైనను, గడ్డకట్టినట్లున్నను, దానిని కరగించు హైలురోనిడేస్ అను మందు కలదు.

ఇక అపాయమును వినుడు. బొమచుట్టు నున్న రక్తనాళములు కంటిలోని నాళములతో కలిసియున్నవి. సూదిమొన నాళమున దిగి, మందు వెనుకకు నెట్టబడినచో, కంటి లోపొరకు రక్తమందక చూపు పోవును. ఇట్లు జరుగుట మిక్కిలి యరుదు. కాని జరిగినచో చూపు మరలి వచ్చుట దుర్లభము. కావున కంటి నిర్మాణము బాగుగా తెలిసిన వైద్యునివద్దనే గాని సింగారపు దుకాణములలో దీనిని చేయించుకొనరాదు. సూది వేయుచుండగా తీవ్రమైన నొప్పియో, చూపు మసకయో కలిగినచో ఆ క్షణముననే చెప్పవలెను.

పెద్దలు మరియొక సంగతి గమనింపవలెను. గుంట యంతయు వార్ధక్యముచేతనే కలుగదు. నీటికాసులకు ప్రోస్టాగ్లాండిన్ జాతి చుక్కలను చిరకాలము వేసికొనువారిలో కొందరికి పైరెప్ప లోతుపడును. అట్టివారు తమంతట తాము చుక్కలు మానరాదు. మానినచో లోపలి యొత్తిడి పెరిగి చూపునకే ముప్పు. వైద్యునికి చెప్పి వేరుమందు గలదేమో యడుగవలెను. రెప్పనెత్తు కండరపు పట్టు సడలినను గుంటపడి రెప్ప వ్రాలును. దానికి శస్త్రచికిత్సయే తగినది. వాంతులు, భేదులచే నీరు తగ్గి పసివాని కన్నులు లోనికి పోయినచో, అది యందమునకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది. ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో గల పొట్లపు మందును నీట కలిపి త్రాగించుచు వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను.

ఈ చికిత్స కోరువారిని నేను నిందింపను. కాని "కన్నులు పీక్కుపోయినవే!" యని ఆడపిల్లలను పదుగురిలో ఎత్తిపొడుచు పెద్దలను అనేకమారులు చూచితిని. ఆ మాట సూదికంటె ముందు గ్రుచ్చుకొనును. అప్పు చేసియైన రూపు దిద్దుకొనవలెనను తలంపు కొందరికి అచ్చటనే పుట్టును. మనము నోటిని అదుపులో నుంచుకొన్నచో, కోరుకొనువారు నెమ్మదిగా నాలోచించి, మంచిచెడ్డలు వైద్యునితో తర్కించి, తమ యిష్టప్రకారము నిర్ణయించుకొందురు.