దారి తప్పిన క్రియలు

మనం ‘వచ్చాను’ అంటాం. కాని ‘వచ్చలేదు’ అనం, ‘రాలేదు’ అంటాం. తమ్ముణ్ణి పిలవాలంటే ‘రా’ అంటాం. ఇది మనకు ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పలేదు. అమ్మ నోట విని నేర్చుకున్నాం. ఇలా మామూలు సూత్రానికి లొంగని క్రియలు చాలా భాషల్లో ఉన్నాయి.

హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, ‘గో’కు భూతకాలం ‘గోడ్’ అని మా హాస్టల్ బెంచీ అంతా కలిసి చెప్పాం. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఇంగ్లీషు పీరియడులో మేము నోరు తెరవలేదు.

పీజీలో భాషాశాస్త్రం తీసుకుని లాటిన్ తొలి పాఠాలు చదివినప్పుడు మా భయం పోయింది. లాటిన్ పూర్వపు రోమన్ల భాష. అందులో ‘ప్రేమించు’ అనే క్రియ బుద్ధిగా సూత్రం ప్రకారం నడుస్తుంది: అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్. అంటే నేను, నీవు, అతడు, మేము, మీరు, వారు ప్రేమిస్తున్నాం అని వరుసగా చెప్పడం. ‘ఉండు’ అనే క్రియ మాత్రం అలా నడవదు: సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్. సంస్కృతంలోని ‘అస్తి’, ‘సంతి’ దీనికి బంధువులే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. మన తెలుగుది వేరే కుటుంబం, ద్రావిడం.

ఇప్పుడు ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. స్, త్, ముస్, తిస్, ంత్ అనే చివరలు రెండింటిలోనూ ఒకటే. తప్పుకున్నది మొదలే గాని చివర కాదు.

ఇంకా చిత్రమైనది ‘మోయు’ అనే క్రియ: ఫెరో, ఫెర్రె, తులి, లాతుమ్. రెండు వేర్వేరు ధాతువులు కలిసి ఒకే క్రియగా కాపురం చేస్తున్నాయి. మన టీసీ మీద ఉండే ‘ట్రాన్స్‌ఫర్’ ఇందులోని ఫెర్రె నుండి, ‘ట్రాన్స్‌లేట్’ లాతుమ్ నుండి వచ్చాయి.

ఉండు, వెళ్లు, మోయు, కోరు వంటి నిత్యం వాడే క్రియలే ఎందుకు ఇలా ఉంటాయి? రోజూ వినబడతాయి కాబట్టి పిల్లలు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా పట్టేస్తారు. అరుదుగా వాడేవాటి పాత రూపాలు మరుపున పడి, అవి నెమ్మదిగా సూత్రంలోకి వచ్చేస్తాయి. ఇంగ్లీషు తల్లిభాషగా గల పిల్లలు కూడా చిన్నప్పుడు ‘గోడ్’ అంటారు. అది తెలివితక్కువతనం కాదు, సూత్రం వంటబట్టిందనడానికి గుర్తు.

మేము నేర్చుకున్న పద్ధతి చాలా తేలిక. మొదటిది, ఒక క్రియ నాలుగు ముఖ్య రూపాలనూ విడదీయకుండా ఒకే మాటలా గుర్తుపెట్టుకోవాలి. రెండోది, ఆరు రూపాలనూ ఎక్కాల్లా పైకి చదవాలి. రాత్రి స్టడీ అవర్‌లో ఇద్దరు కూర్చుని ఒకరు అడిగితే ఒకరు చెప్పాలి. మూడోది, ప్రతి రూపంతో ఒక చిన్న వాక్యం రాయాలి. ఇంగ్లీషులోని ‘గో, వెంట్, గాన్’కూ ఇదే మందు.

తమ్ముళ్లారా, తప్పు చెబితే నవ్వుతారని మేము పోగొట్టుకున్న రోజులు మీరు పోగొట్టుకోవద్దు. తప్పైనా సరే, పైకి చెప్పండి. పక్కవాడు తప్పు చెబితే నవ్వకండి, సరైన రూపం చెప్పండి.