చతుష్పథంలో పాదచారికి దారి

కరీంనగర్ – వరంగల్ రహదారి నుండి జమ్మికుంట బాట చీలేది హుజూరాబాద్ లోనే. ఇల్లందకుంట రామయ్య కల్యాణానికి పోయే కుటుంబాలు, జమ్మికుంట మార్కెట్టుకు పత్తి తీసుకుపోయే ట్రాక్టర్లు, సైకిళ్ళపై బడిపిల్లలు, కొండగట్టుకు కాలినడకన సాగే హనుమాన్ దీక్షాస్వాములు, అందరూ ఈ చౌరస్తాలో ఒకరికొకరు ఎదురుపడవలసినవారే.

దేవాలయ పత్రికలో రోడ్డు ముచ్చట ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. ధర్మశాస్త్రకారులకు ఆ సందేహం కలుగలేదు. ఎవరికి తొలగి దారి ఇవ్వవలెనో మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఒక పట్టిక ఉన్నది: బండిపై పోయేవాడు, తొంభైయేండ్లు దాటినవాడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, ఇంకా కొందరు. బండివాడు మొదట ఉండుట చూచి నేటి కారు యజమానులు సంతోషించనవసరం లేదు. ఎద్దులబండి నడక మనిషి నడకే. చక్రం గాడి తప్పించడం కష్టం, మనిషి పక్కకు జరగడం సులభం. తొలగగలవాడు తొలగలేనివానికి దారి ఇవ్వవలెననుట అందులోని న్యాయమని నా అభిప్రాయం. నేడు బ్రేకుపై కాలు ఉన్నవాడే తొలగగలవాడు. 2017 నాటి మోటారు వాహన చోదన నిబంధనలు కూడా జీబ్రా గీతల వద్ద పాదచారికే ముందు దారి ఇమ్మంటున్నవి.

కౌటిల్యుడు మరొక అడుగు ముందుకు వేసినాడు. రథానికి ఐదు అరత్నుల బాట, చిన్న పశువులకు, మనుషులకు వేరుగా రెండు అరత్నుల బాట విధించినాడు. అరత్ని అంటే మూర. రెండు మూరలు సుమారు మూడడుగులు. ఆ బాటను అడ్డగించినవానికి పన్నెండు పణాల దండన. నేటి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం కాలిబాటకు కనీసం 1.8 మీటర్లు, అనగా ఆరడుగులు. బాట ఉన్నచోట దుకాణపు సామానో, నిలిపిన మోటారుసైకిలో ఉంటే ఆ కొలత కాగితం మీదిదే.

ఇక వేగం సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం, చోదకుడు మనిషిని చూచి బ్రేకు తొక్కేలోపలనే, ఒక్క క్షణంలో పదహారు మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. వేగం రెండింతలైతే బ్రేకు వేసిన తరువాత ఆగే దూరం నాలుగింతలు. అందుచేత కూడలిలో మొదట తగ్గించవలసినది వేగం. మూలమలుపును విశాలంగా గుండ్రం చేస్తే లారీ వేగంగా తిరుగుతుంది. బిగువుగా కడితే నిదానిస్తుంది. చిన్న కూడలిలో నడుమ వృత్తం కట్టినా మేలే. నాలుగు దారుల కూడలిలో వాహనాలు తాకగల చోట్లు 32 అయితే, ఒక వరుస వృత్తంలో 8. మన దేశంలో ఆ వృత్తాన్ని కుడివైపున ఉంచుకొని తిరుగుతాము. చతుష్పథానికి ప్రదక్షిణంగా పొమ్మని మనువు చెప్పినదీ అదే.

కరీంనగర్ – వరంగల్ మార్గంలో 68 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేయుటకు 2023 జూలై 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసినారు. వెడల్పు మంచిదే, కాని దాటవలసిన దూరమూ పెరుగుతుంది. ఒక్కొక్క వైపు ఏడేసి మీటర్లు అనుకొందాము. క్షణానికి 0.8 మీటరు నడిచే ముదుసలికి పద్నాలుగు మీటర్లు దాటుటకు సుమారు పదిహేడున్నర క్షణాలు కావలెను. నడుమ నిలువదగిన దిమ్మె ఉంటే సగం దాటి, ఆగి, రెండవవైపు చూచుకొని సాగవచ్చు. సైకిలువానికి అంచున వేరు పట్టీ, ఎర్రదీపం వద్ద వాహనాలకు ముందు నిలిచే చోటు కావలెను.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది పాదచారులు.

దాతలకు ఒక విన్నపం. వైశాఖ బహుళ దశమికి ముందు దీక్షాస్వాముల కొరకు చలివేంద్రాలు, అన్నదాన పందిళ్ళు వేస్తారు. సరిగ్గా మూలమీద వేసిన పందిరి మలుపు తిరిగే బస్సుకు మనిషిని, మనిషికి బస్సును కనబడనీయదు. వరుసలో నిలిచినవారు రోడ్డుమీదికి వస్తారు. స్వాగతతోరణపు లావు స్తంభాలదీ అదే దోషం. కూడలి దాటి నూరడుగులు పోయిన తరువాత, స్వాములు నడిచే వైపుననే పందిరి వేయండి. నీళ్ళ కొరకు ఎవరూ రోడ్డు దాటనవసరం ఉండదు. వేకువ చీకటిలో కాషాయవస్త్రం లారీ దీపాలకు ఆలస్యంగా కనబడుతుంది. పండ్లతోపాటు మెరిసే పట్టీ ఒకటి వీపున కట్టుకొనుటకు ఇవ్వండి.