అసంపూర్ణ ఆవిష్కరణ

రాచకొండ, దేవరకొండ దుర్గాలను నెలవులుగా చేసుకొని తెలంగాణలోని దక్షిణ మెట్టప్రాంతాన్ని ఏలినవారు రేచర్ల పద్మనాయకులు. ఆ వంశపు ప్రభువైన సర్వజ్ఞ సింగభూపాలుడు పోతన భాగవతాన్ని తనకు అంకితమిమ్మని కోరాడనీ, కవి అంగీకరించకపోగా ఆ గ్రంథాన్ని భూమిలో పాతిపెట్టించాడనీ, వెలికితీసే నాటికి కొన్ని భాగాలు శిథిలమయ్యాయనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథలోని నిజానిజాలు ఎలా ఉన్నా, భాగవతంలోని కొన్ని స్కంధాలు ఇతర కవుల రచనలన్నది గ్రంథంలోనే కనిపించే సత్యం. పంచమ స్కంధం గంగనది, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. స్కంధాంత గద్యలలో ఎవరి పేరు వారు చెప్పుకొన్నారు.

భారతం విషయం దీనికి కొంత భిన్నం. పదకొండవ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో విడిచిన రచనను తిక్కన విరాటపర్వం నుండి కొనసాగించగా, నడుమ మిగిలిన ఖాళీని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. తన పేర గాక, నన్నయే రచించినట్లుగా, రాజరాజనరేంద్రునికే అంకితంగా పూర్తిచేశాడు. అసంపూర్ణ కృతిని పూరించడంలో తెలుగువారికి ఈ రెండు మార్గాలూ చిరకాల పరిచితాలే. అయితే ఆ కవులెవరూ తమ కృతిని సగంలో ఆపి లోకానికి అందించాలని కోరుకొన్నవారు కారు. పని పూర్తికాలేదని తెలిసి, తెలియజెప్పి, ఉద్దేశపూర్వకంగా దానిని పదిమంది చేతుల్లో పెట్టడం కంప్యూటర్ యుగంలో బలపడిన సంప్రదాయం. అది ఎప్పుడు ఉచితమో, ఎప్పుడు అనుచితమో తెలుసుకోవడానికి లాంచర్ అనే చిన్న ప్రోగ్రాము చరిత్ర చక్కని ఉదాహరణ.

కంప్యూటరులో ఒక ప్రోగ్రామును తెరవాలంటే సాధారణంగా మౌసుతో మెనూలు విప్పుతూ, ఒక ఫోల్డరులోంచి మరొక ఫోల్డరులోకి దిగుతూ వెతకాలి. లాంచర్ ఈ శ్రమను తొలగిస్తుంది. రెండు మీటలు కలిపి నొక్కగానే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. కావలసిన దాని పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టగానే అది కళ్ళెదుట నిలుస్తుంది. మ్యాక్ కంప్యూటర్ల కోసం నికొలస్ జిట్‌కాఫ్ రూపొందించగా 2003లో వెలువడిన క్విక్‌సిల్వర్ ఈ కోవలో పేరెన్నికగన్నది. దానిలో ఒక విశేషం ఉంది. మొదటి గడిలో వస్తువును ఎన్నుకోవాలి, రెండవ గడిలో ఆ వస్తువుతో చేయవలసిన పనిని ఎన్నుకోవాలి. ఒక ఉత్తరం ఫైలును ఎన్నుకొని, తరువాత ‘తెరువు’ అనో, ‘పంపు’ అనో చెప్పాలన్నమాట. కర్మ ముందు, క్రియ చివర. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఈ క్రమం కొంత అలవాటు కావలసిందే గాని, తెలుగు వాక్యం నడిచే తీరే ఇది.

లాంచరులో నిజానికి రెండు భాగాలుంటాయి. వస్తువుల పట్టికను సిద్ధంగా ఉంచుకొని, కొట్టిన అక్షరాలతో పోల్చి, దేనిని ముందు చూపాలో నిర్ణయించేది లోపలి యంత్రాంగం. ఆ నిర్ణయాన్ని తెరపై చిత్రించి చూపేది ఇంటర్‌ఫేస్. ఈ రెండింటినీ వేరుచేసి, ఇంటర్‌ఫేస్‌ను ఎవరైనా తయారుచేసి తగిలించుకొనే ప్లగిన్‌గా ఉంచడం క్విక్‌సిల్వర్ చేసిన మంచి ఏర్పాటు. బెజెల్, ఫ్లాష్‌లైట్, క్యూబ్ వంటి పేర్లతో పలు రూపాలు వచ్చాయి. వేషం మారినా లోపలి పాత్రధారి ఒక్కడే. ఒక వేషం నచ్చకపోతే విప్పి పాతది తొడుక్కోవచ్చు. అసంపూర్ణమైన ఇంటర్‌ఫేస్‌ను ధైర్యంగా విడుదల చేయగలగడానికి మొదటి ఆధారం ఈ వెనుదిరిగే దారియే.

లినక్స్ కంప్యూటర్లలో ఇదే ఆలోచన గ్నోమ్ డూ అనే రూపంలో వచ్చింది. 2007లో డేవిడ్ సీగెల్ ప్రారంభించిన ఈ ప్రోగ్రాము సంఖ్య ఒకటికి చేరకముందే వేలమంది చేతుల్లోకి వెళ్ళింది. 2009 ఆరంభంలో వెలువడిన దాని 0.8వ రూపంలో జేసన్ స్మిత్ రచించిన డాకీ అనే కొత్త ఇంటర్‌ఫేస్ చేరింది. అంతవరకు మీట నొక్కితే కనిపించి, పని కాగానే మాయమయ్యే పెట్టె, డాకీలో తెర అడుగున చిత్రాల వరుసగా స్థిరపడింది. తరచుగా వాడే ప్రోగ్రాములు ఆ వరుసలోనే కొలువుదీరేవి. అక్షరాలు కొట్టితే అక్కడే వెదుకులాట జరిగేది. చూపునకు ఇంపుగా ఉన్నా, పారదర్శక చిత్రాలను కూర్చగల సదుపాయం లేని పాత కంప్యూటర్లలో అది నడవలేదు. అయినా దాని కర్తలు అన్ని కొరతలూ తీరేదాకా ఆగలేదు. వాడుకరులు డాకీని లాంచరుగా కంటె చిత్రాల వరుసగానే ఎక్కువ ఆదరించారు. 2010లో అది గ్నోమ్ డూ నుండి విడివడి స్వతంత్ర ప్రోగ్రాము అయింది. డాకీని తేలికపరచి తిరిగి రచించిన ప్లాంక్, ఎలిమెంటరీ అనే లినక్స్ వ్యవస్థలో చోటు సంపాదించింది. ఒక లాంచరుకు వేషంగా పుట్టినది వేరే నాటకంలో నాయకపాత్ర అయిందన్నమాట. గదిలో కూర్చొని పూర్తిచేసి ఉంటే డాకీ మంచి వేషంగానే మిగిలేదేమో! దాని అసలు ప్రయోజనం ఏదో కనిపెట్టినవారు కర్తలు కారు, వాడినవారు.

త్వరగా విడుదల చేయి, తరచుగా విడుదల చేయి, వాడేవారి మాట విను అనే ఈ పద్ధతిని ఎరిక్ రేమండ్ 1997లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో సిద్ధాంతీకరించాడు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన లినక్స్‌ను 0.01 అనే సంఖ్యతో బయటపెట్టి, ఇది సిద్ధం కాలేదని సంఖ్యతోనే ఒప్పుకొన్నాడు.

అయితే సగంపనిని అందించడం అన్ని రంగాలలో చెల్లదు. దేవరకొండ ప్రాంత రైతులు దశాబ్దాలుగా ఎదురుచూసిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025 నాటికీ పూర్తికాలేదు. సుమారు నలభై నాలుగు కిలోమీటర్ల ఆ దారిలో కొద్ది దూరం మిగిలినా నీరు పారదు. తొంబై పాళ్ళ సొరంగం తొంబై పాళ్ళ నీటిని ఇవ్వదు. 2025 ఫిబ్రవరి 22న అందులో కప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకుపోగా ప్రాణాలతో ఒక్కరూ బయటకు రాలేదు. అక్కడ అసంపూర్ణత అంటే ప్రాణాలతో ముడిపడిన విషయం. అందుకే నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి వద్ద ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి చేర్చడమనే వేరొక మార్గం అవసరమైంది.

ఇంటర్‌ఫేస్ ప్లగిన్‌లోనూ సొరంగం వంటి భాగాలు కొన్ని ఉన్నాయి. రంగులు ఎంచుకొనే వీలు లేకపోవచ్చు, కదలికలు కుదుపుగా ఉండవచ్చు, రెండవ తెర జోడిస్తే పెట్టె మూలకు పోవచ్చు. ఇవన్నీ ఓర్చుకోదగిన కొరతలు. కాని తెరపై కనిపించేదీ, లోపల ఎన్నికైనదీ ఒకటే కావడం మాత్రం ఓర్పుకు లోబడిన విషయం కాదు. ఉదాహరణకు ఒక విద్యార్థి పనికిరాని పాత ఫైలు పేరు కొట్టి ‘చెత్తబుట్టలో వేయి’ అనే క్రియను ఎన్నుకొన్నాడనుకొందాం. చివరి అక్షరంతో లోపలి ఎన్నిక మరొక ఫైలుకు మారింది. అసంపూర్ణమైన ఇంటర్‌ఫేస్ ఆ మార్పును అర సెకను ఆలస్యంగా చిత్రించింది. ఆ అర సెకనులో విద్యార్థి మీట నొక్కాడు. అతడు చూసింది ఒకటి, చెత్తబుట్టలో పడింది అతని ప్రాజెక్టు నివేదిక. ఇక్కడ లోపం అందానిది కాదు, సత్యానిది. నిర్మాతకు తీరిక తక్కువైతే అందాన్ని వాయిదా వేయవచ్చు గాని దీనిని కాదు. పరీక్షించడానికి సమయం చాలకపోతే, తొలగించే క్రియలను ఆ రూపంలో నిలిపివేసి విడుదల చేయడం నిజాయితీ గల పద్ధతి.

ఏది లోపించిందో వివరంగా చెప్పడం కూడా పనిలో భాగమే. ‘బీటా’ అనే ఒక్క మాట తగిలించి చేతులు దులుపుకోవడం చాలదు. గూగుల్ సంస్థ జీమెయిల్‌ను 2004 ఏప్రిల్ 1న బీటాగా ప్రారంభించి 2009 జూలై వరకు ఆ పేరును తొలగించలేదు. కోట్లమంది వాడుతున్న దానికి ఐదేళ్ళు ‘పరీక్షలో ఉన్నది’ అని ముద్ర ఉంటే, ఆ ముద్రకు అర్థం మిగలదు. క్విక్‌సిల్వర్ కూడా 1.0 అనిపించుకోవడానికి 2013 దాకా పట్టింది. కాని రెండింటికీ భేదముంది. క్విక్‌సిల్వర్ కర్త తనకు తీరిక లేకపోయినప్పుడు 2007లో మూలరచనను అందరికీ తెరిచిపెట్టాడు. తరువాతి పనిని ఇతరులు అందుకొన్నారు. భాగవతాన్ని గంగన, సింగన, నారయలు అందుకొన్నట్లుగానే ఎవరు ఏ భాగం రాశారో అటువంటి మూలరచనలలో నమోదై ఉంటుంది. ఎఱ్ఱన వలె పేరు మరుగుపరచుకోనక్కర లేదు.

తెలుగు చదువరికి ఈ విషయంలో ప్రత్యేకమైన ప్రమేయం ఉంది. ఇంగ్లీషు అక్షరాలనే దృష్టిలో పెట్టుకొని గీసిన పెట్టెలో తెలుగు పేర్లు ఇమడవు. గుడులు పైకి, ఒత్తులు కిందికి విస్తరించే లిపి తెలుగు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలలో ఒత్తు కింద ఒత్తు చేరుతుంది. పంక్తి ఎత్తు చాలకపోతే అడుగు ఒత్తు తెగిపోతుంది. ‘దేవరకొండ’ అనే మాట చూపునకు ఐదు అక్షరాలే. కంప్యూటరు లెక్కలో మాత్రం దకారం, ఏత్వం, వకారం, రకారం, కకారం, ఒత్వం, సున్న, డకారం అని ఎనిమిది సంకేతాలు. సాధారణంగా వాడే యూనికోడ్ రూపంలో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున ఇరవైనాలుగు బైట్లు. పొడుగు పేర్లను ఇరవై బైట్ల దగ్గర కత్తిరించే ఇంటర్‌ఫేస్ సంకేతం నడుమ కోసి, చివర ఒక పిచ్చి గుర్తును నిలబెడుతుంది. ‘శ్రీశైలం’లో మరొక చిక్కు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే. ఈ రెండింటినీ సమానంగా భావించమని చెప్పకపోతే, ఉన్న ఫైలు లేదని లాంచర్ బదులు చెబుతుంది. ఈ లోపాలు ఇంగ్లీషు మాత్రమే తెలిసిన నిర్మాతకు ఎన్నేళ్ళు పరీక్షించినా కనిపించవు. తన గదిలో పరిపూర్ణమనుకొన్నది దేవరకొండలో ఒక కళాశాల కంప్యూటరు ముందు అసంపూర్ణమని తేలుతుంది. త్వరగా విడుదల చేయడం వలన కలిగే మేలు తెలుగు వంటి భాషలకు దక్కేది ఇక్కడే.

కంప్యూటరులో తెలుగు కూడా ఇలా కొంత కొంతగానే వచ్చింది. 2000 దశకం తొలినాళ్ళలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకొనేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్తలు అర్థంలేని గుర్తులుగా కనిపించేవి. తెలుగు వికీపీడియాకు 2003లో పునాది వేసిన వెన్న నాగార్జున, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పద్మ అనే పొడిగింపును రచించాడు. అది ఆ గుర్తులను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. అన్ని ఫాంట్లూ నేర్చిన తరువాతనే వెలువడాలని అది కూర్చోలేదు. కొన్నింటితో మొదలై ఒక్కొక్కటిగా చేర్చుకొంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో మెనూల అనువాదానికీ ఇదే న్యాయం. అనువాదం కాని వాక్యం ఇంగ్లీషులోనే కనిపించే ఏర్పాటు ఉన్నందున, సగం తెలుగు మెనూ కూడా పనికి ఆటంకం కాదు. ‘దస్త్రం’ పక్కన ఇంగ్లీషు మాట కనిపిస్తే చూసేవారికి ఎబ్బెట్టుగా ఉండవచ్చు గాని, ఆ ఖాళీయే తరువాతి అనువాదకునికి పిలుపు.

ప్లగిన్‌కు ఉన్న బలహీనత పద్మలోనూ కనిపిస్తుంది. అది తగిలించుకొన్న ఆశ్రయం మారితే దాని బ్రతుకు మారుతుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ రూపం పాత పద్ధతిలో రచించిన పొడిగింపులన్నింటినీ నిరాకరించింది. నడవాలంటే అవి కొత్త పద్ధతిలో తిరిగి రచింపబడాలి. లాంచర్ల ఇంటర్‌ఫేస్‌లకూ ఈ ప్రమాదం తప్పదు. 2011లో గ్నోమ్ 3 వచ్చి డెస్క్‌టాప్‌లోనే వెదుకులాట పెట్టెను చేర్చగానే, గ్నోమ్ డూ వంటి విడి లాంచర్ల అవసరం బాగా తగ్గింది. దాని కోసం రచించిన వేషాలన్నీ పాత్రధారితోపాటే తెరమరుగైనాయి. ముందే విడివడిన డాకీ ఒక్కటి తన సంతానం ద్వారా నిలిచింది.