చాక్లెట్లు అమ్మనన్న కుర్రవాడు

అమెరికాలో రాబర్ట్ కార్మియర్ అనే పత్రికా రచయిత కొడుకు, బడి కోసం చాక్లెట్లు అమ్మనని తిప్పి ఇచ్చేశాడు. అతనికి ఏ ఆపదా రాలేదు. ‘వచ్చి ఉంటే?’ అన్న తండ్రి దిగులులోంచి 1974లో ‘ది చాక్లెట్ వార్’ నవల పుట్టింది.

ఇందులో హైస్కూలు కుర్రవాడు జెర్రీ కూడా అమ్మనంటాడు. మొదట భేష్ అన్న తోటిపిల్లలే, బడిలోని రహస్యముఠా కన్నెర్ర చేయగానే అతని ముఖం చూడరు. ఆ ముఠా సాయం కోరినవాడు ఒక ఉపాధ్యాయుడు! (మా వృత్తికే తలవంపు.) చివరికి జెర్రీని ముష్టియుద్ధానికి దింపుతారు. ఏ దెబ్బ కొట్టాలో చీటీలు కొని రాసేది ఆ పిల్లలే. ఈ ముగింపు మార్చమన్నారు ప్రకాశకులు, కార్మియర్ ఒప్పుకోలేదు.

మా అబ్బాయి పుస్తకం ముగించి, “నువ్వైతే చీటీ కొనేవాడివా నాన్నా?” అని అడిగాడు. మా హైస్కూల్లో అందరూ ఏడిపించిన నత్తి కుర్రవాడొకడు జ్ఞాపకం వచ్చాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.