మాడ్యూలుకు వెలుపలి ఆధారాలు

అరకు, పాడేరు ప్రాంతపు కాఫీతోటలలో సిల్వర్ ఓక్ చెట్లపై మిరియపు తీగలు ప్రాకి ఉంటాయి. తీగను నర్సరీనుండి కొని తేవచ్చు. చెట్టు మాత్రం దాని వెంట రాదు, ముందే ఎదిగి ఉండాలి. పైథాన్ భాషకు కొత్త మాడ్యూలును చేర్చుకొనేటప్పుడు ఇటువంటి స్థితియే ఎదురవుతుంది.

ధ్రువపత్రాలపై పేర్లను తెలుగులోనూ ఉర్దూలోనూ ముద్రింపదలచామనుకొందాం. ఇందుకు 'పిలో' అనే మాడ్యూలు ఉన్నది. 'పిప్' అనే సాధనం దానిని తెచ్చి స్థాపిస్తుంది, దోషమేదీ చూపదు. కాని అచ్చులో 'అల్లూరి' అన్నచోట ఒత్తు కిందికి దిగక, పొల్లుతో ఒక లకారమూ దాని పక్కన మరొకటీ నిలుస్తాయి. ఉర్దూ అక్షరాలు కలియక, ఎడమనుండి కుడికి విడివిడిగా పడతాయి. 'అరకు' అని వ్రాసి పరీక్షించినవారికి ఈ లోపం దాదాపు కనబడదు. అందులో ఒత్తు లేదు గదా! 'బొర్రా', 'డుంబ్రిగుడ' వంటి పేర్లతోనే పరీక్షించాలి.

పిప్ తెచ్చేది పైథాన్ మాడ్యూళ్లను. సీ భాషలో రచింపబడి ఆపరేటింగ్ సిస్టంకు చెందిన లైబ్రరీలను తేవడం దాని పని కాదు. పిలో 2017లో 'రక్మ్' అనే లైబ్రరీ సాయాన్ని స్వీకరించింది. రక్మ్‌కు మరి మూడు ఆధారాలు: ఫ్రీటైప్ అక్షరాకృతిని గీస్తుంది, హార్ఫ్‌బజ్ ఒత్తులను, కలయికలను కూర్చుతుంది, ఫ్రిబిడి కుడి ఎడమల క్రమాన్ని నిర్ణయిస్తుంది. హార్ఫ్‌బజ్ అన్న పేరు పారసీకంలోని 'హర్ఫ్', 'బాజ్' అనే పదాల కలయికయని ఉర్దూ విద్యార్థులు ఇప్పటికే పోల్చుకొని ఉంటారు.

2021లో వెలువడిన 8.2 సంచికనుండి పిలో యొక్క సిద్ధప్రతిలో రక్మ్ ఇమిడియే వస్తున్నది. ఫ్రిబిడిని మాత్రం అది యంత్రంలో వెదకుకొంటుంది. దొరకకపోతే మౌనంగా ప్రాథమిక పద్ధతికి దిగిపోతుంది. విచిత్రమేమంటే, కుడి ఎడమల చిక్కే లేని తెలుగు కూడా ఫ్రిబిడి లేని కారణంగానే చెడిపోతుంది! సిద్ధప్రతిలో అన్నీ ఉన్నాయన్న నమ్మకమే ఇక్కడ ప్రమాదకరం. పేరు తప్పుగా అచ్చయిన ధ్రువపత్రంతో కార్యాలయాల చుట్టూ తిరగవలసినది విద్యార్థియే గదా.

ఉబుంటులో అయితే 'యాప్ట్' సాధనంతో ఫ్రిబిడిని స్థాపించాలి. పిలోను మూలరచననుండి మనమే నిర్మించుకొంటే లైబ్రరీల శీర్షిక ఫైళ్లు కూడా కావాలి. వాటి ప్యాకేజీల పేర్లు ఉబుంటులో 'డెవ్' అనీ, ఫెడోరాలో 'డెవెల్' అనీ ముగుస్తాయి. ప్రోగ్రాము ఆరంభంలోనే పిలోలోని 'ఫీచర్స్' భాగంచేత రక్మ్ ఉన్నదో లేదో ప్రశ్నింపజేసి, లేకపోతే ముద్రణను నిలిపివేయాలి. ఇంటర్నెట్టు అందని కొండగ్రామపు పాఠశాలకు డిస్కులో తీసుకొనిపోయేవారు పిప్ ఫైళ్లతోపాటు అక్కడి ఉబుంటు సంచికకు తగిన ఫ్రిబిడి ప్యాకేజీని కూడా వెంట ఉంచుకోవాలి.