టర్బో కొనడానికి తొందరేల?

టయోటా 2జేజెడ్-జీటీఈ ఇంజన్. ఈ పేరు చెబితే కార్ల పిచ్చి ఉన్నవాళ్ల కళ్లు మెరుస్తాయి. మూడు లీటర్ల సామర్థ్యం, వరసగా ఆరు సిలిండర్లు, పోత ఇనుప బ్లాక్. 1990ల నాటి టయోటా సుప్రా కారులో, అమెరికాకు పంపిన మోడల్‌లో ఇది 320 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే బ్లాక్‌తో వెయ్యి దాటించిన మెకానిక్‌లు ఉన్నారు.

అలా పవర్ పెంచాలనుకునే కొత్తవాళ్లు ముందు పెద్ద టర్బో కొనేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. టర్బో పని గాలిని కుక్కడం. ఆ గాలికి తగ్గ పెట్రోల్ అందకపోతే మిశ్రమం పలచబడి, విపరీతంగా వేడెక్కి, స్పార్క్ మంట చేరకముందే దానంతటదే పేలుతుంది. ఇదే నాకింగ్. పిస్టన్ కరిగి చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎంత పవర్ కావాలో ముందే తేల్చుకుని, పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్‌కు డబ్బు తీసిపెడతారు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు లక్ష్యాన్ని బట్టి.

ఇక టర్బో సైజు. పెద్ద టర్బో చక్రం ఎక్కువ ఆర్‌పీఎంలో రెచ్చిపోతుంది, తక్కువలో బద్ధకిస్తుంది. టయోటా ఇంజనీర్లు ఈ తిప్పలు తప్పించడానికే రెండు టర్బోలను ఒకదాని తరవాత ఒకటి అందుకునేలా అమర్చారు. అయినా వాటిని పీకేసి ఒక్క పెద్దది పెట్టేవాళ్లు చాలామంది!

పెరిగిన పవర్‌ను తట్టుకునే క్లచ్, బ్రేకుల ఖర్చు మాత్రం చాలామందికి చివర్లో గుర్తొస్తుంది.

ఇంత పవర్ ఉంది కదా అని రోడ్డెక్కి పందెం కాయకండి. మన దేశంలో అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. ఇలాంటి బండికి తగిన చోటు రేసు ట్రాకే.