సహాయార్థ సంగీత సభలు

శ్రోతలు వినోదమునకై యిచ్చెడి రుసుమును ఆపన్నుల కాహారముగా మార్చునది సహాయార్థ సంగీత సభ. గాయకులు ప్రతిఫలము గోరక పాడుదురు. ఖర్చులు పోఁగా మిగిలిన ధనము దీనులకుఁ జేరును. విద్యుద్వాద్యములతోఁ బాడెడి రాక్ సంగీతమును సయితము యువకులు పెక్కుచోట్ల నిట్లు వినియోగించుచున్నారు.

ఇందులకుఁ బ్రసిద్ధమైన యుదాహరణము 1971 ఆగష్టు 1వ తేదీని న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెనునందు జరిగిన సభ. 1970 నాఁటి తుపానువలనను, 1971 నాఁటి యుద్ధమువలనను తూర్పు బంగాళమున లక్షలకొలఁది జనులు నిరాశ్రయులైరి. పండిత రవిశంకరు ఈ దుఃఖమును తన మిత్రుఁడగు జార్జి హారిసనునకుఁ దెలుపఁగా, అతఁడు తోడి రాక్ గాయకులను రప్పించెను. ఆ దినమున రెండు సభలు జరిగెను. శ్రోతలు సుమారు 40,000 మంది. టిక్కెట్లవలన వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు ఐక్యరాజ్య సమితి బాలల నిధికిఁ జేరెను.

అయితే గ్రామఫోను రికార్డులవలనను, చలనచిత్రమువలనను తరువాత వచ్చిన సొమ్ములోఁ బెద్దభాగము, ముందుగా ధర్మకార్యమని నమోదు చేయింపనందున, పన్నుల వివాదమునఁ జిక్కి పెక్కేండ్లు నిలిచిపోయెను. ఆఁకలిగొన్న బిడ్డ యన్నియేండ్లు వేచియుండఁగలదా?

కావున మా విద్యార్థులకు మేము చెప్పున దేమనఁగా: అట్టి సభలకుఁ బోవుఁడు, సంతోషముతో వినుఁడు. ధన మెవరికి, ఎవరి ద్వారా, ఎప్పుడు చేరునో టిక్కెట్టు కొనునాఁడే యడుగుఁడు. లెక్క చెప్పుట నిర్వాహకులకు ధర్మమైనట్లే, అడుగుట శ్రోతలకును ధర్మము.